అంటే

మార్చి 3, ఆదివారం

అరిషడ్వర్గాల మీద వరుస ఉపన్యాసాలు ఇవాళ మొదలుపెట్టాను. వారానికొక శత్రువు. ఇవాళ కామం. పాయా లేబర్ పేటలో టైలరు దుకాణం పైనున్న గది. సభల ఏర్పాట్లు చూసే అనిరుధ్ మా వాట్సాప్ గ్రూపులో ఒకటికి మూడుసార్లు పోస్టరు పెట్టాడు. నా ఫోటో వెనక ఉదయిస్తున్న సూర్యుణ్ణి కూడా పెట్టాడు. తీరా చూస్తే పట్టుమని ఇరవైమంది లేరు. వన్-నార్త్ ల్యాబుల్లో పరిశోధనలు చేసే పిల్లలు వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్నారు. అయినా నేను తగ్గలేదు. బల్ల గుద్దాను. శ్లోకం చదివాను, అంటే అన్నాను, అర్థం చెప్పాను. మళ్ళీ శ్లోకం, మళ్ళీ అంటే. గొంతులో నిప్పు ఉన్నవాడికి తలల లెక్క ఎందుకు.

మా ఆవిడ తాయారు రాలేదు. మోకాళ్ళు.

ఇంటికొచ్చేసరికి మా అంతస్తులో పక్కింటి ఇనప గేటు ముందు ముగ్గురు నిలబడి ఉన్నారు. ఒకాయన జుట్టు నెరిసినవాడు, ఈ ఎండలో కోటు వేసుకున్నాడు. మిగతా ఇద్దరూ ఆయన విద్యార్థుల్లా ఉన్నారు. చేతిలో కమలాపళ్ళ సంచి. తలుపు తెరుచుకోలేదు. వాళ్ళు సంచిని గేటు కడ్డీకి తగిలించి, మూసిన తలుపుకు తలవంచి నమస్కరించి, లిఫ్టు వైపు వెళ్ళిపోయారు. ముఖాల్లో విసుగు లేదు. దర్శనం అయినంత తృప్తి.

మా శ్రీజను అడిగాను, ఎవరే ఈ పక్కింటి ముసలాయన అని. స్కూల్లో నా మాట వినకుండా చైనీస్ తీసుకున్న పిల్ల కదా, దానికి తెలుసు.

"టియో అంకుల్, నాన్నా. హి ఈజ్ ఫేమస్ లా. పాతకాలపు చైనీస్‌లో పద్యాలు రాస్తారు. పెద్ద స్కాలర్. అవార్డు ఇస్తామని ఇంటికొస్తే కూడా తలుపు తియ్యలేదంట."

"ఎందుకు తియ్యలేదు?"

"ఐ డోంట్ నో. పద్యం రాసుకుంటూ ఉన్నారేమో."

ఇన్నేళ్ళుగా మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఒక్కనాడు ఆ మనిషి గొంతు వినలేదు.

మార్చి 4

పోస్టరు వేసినవాడికి ఇరవైమంది. తలుపు మూసినవాడికి కమలాపళ్ళు. ఊరికే రాసుకుంటున్నాను. ఇది పరిశీలన.

మార్చి 6, బుధవారం

తువాస్ యార్డు నుంచి కంపెనీ బస్సులో వచ్చేసరికి ఇంట్లో దీపం లేదు. తాయారు లేదు. నీళ్ళు తాగి కూర్చున్నాను. కాసేపటికి పక్కింటి గేటు చప్పుడైంది. ఎవరికీ తెరుచుకోని ఆ గేటులోంచి, చెప్పులు చేత్తో పట్టుకుని, మా ఆవిడ బయటికొచ్చింది.

"అదేంటండీ, అప్పుడే వచ్చేశారు?"

"రోజూ వచ్చే వేళకే వచ్చాను. నువ్వెక్కడ?"

"మన కరివేపాకు మొక్క చూశారా, వరండాలోది? చచ్చిపోతుందనుకున్నది ఒక్కసారిగా ఎలా చిగురేసిందో. ఎవరో రోజూ మొదలు దగ్గర టీ ఆకు పోస్తున్నారండీ. ఇవాళ పట్టుకున్నాను. పక్కింటాయనే. తాగేసిన టీ ఆకు తెచ్చి మన మొక్కకి పోసి, దొంగలా తలుపేసుకుంటున్నాడు."

"దానికి లోపలికెళ్ళడం ఎందుకు?"

"నాలుగు రెబ్బలు తుంచి ఇచ్చాను. వాసన చూసుకుని రమ్మన్నాడు."

వాసన చూసి రమ్మన్నాడట. కోటు వేసుకొచ్చిన పండితుడికి తెరుచుకోని తలుపు కరివేపాకు రెబ్బకి తెరుచుకుంది. నేను ఏమీ అనలేదు. అంటే, అనవలసినదేమీ లేదు.

మార్చి 8

పొద్దున్నే పూజ దగ్గర చూశాను. తాయారు గోళ్ళలో నలుపు.

"సిరా అండీ. సిరా కడ్డీ అని నల్లటిది ఉంటుంది. రాతి మీద కాసిని నీళ్ళు పోసి అరగదియ్యాలి. ఆయనకి మణికట్టు లేవడం లేదు. నేను తీసిపెట్టాను. మనం గంధం తీసినట్టేనండీ, తేడా ఏం లేదు. కర్పూరం వాసన వస్తుంది."

ఇవాళ నా దేవుడి పళ్ళెంలో గంధం పల్చగా ఉంది. చెయ్యి అలిసిపోయి ఉంటుంది.

పద్యాలు రాసేవాడికి సిరా తీసుకోవడం చేతకాదా. నేను నా శ్లోకాలకు నేనే అర్థం వెతుక్కున్నవాణ్ణి. పాఠశాల లేదు, గురువు లేడు. షర్టు జేబులో చిన్న గ్రంథం, దాని అంచులు నా చెమటకు నల్లబడ్డాయి. ఆ నలుపు ఎవరూ చూడరు.

మార్చి 10, ఆదివారం

క్రోధం. ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. బల్ల మీది స్టీలు గ్లాసు ఎగిరి కిందపడింది. ముందు వరసలో పసిబిడ్డ ఏడుపు అందుకుంది. తల్లి బిడ్డను తీసుకుని బయటికెళ్ళి మళ్ళీ రాలేదు.

అయ్యాక అనిరుధ్ మెట్ల దగ్గర పట్టుకున్నాడు. "అంకుల్, కంటెంట్ సూపర్. కానీ కొంచెం షార్ట్ చేస్తే బాగుంటుందేమో. ఒక్కో శ్లోకానికి మీరు నాలుగు అంటేలు చెప్తున్నారు. రెండో అంటేకే మాకు అర్థమైపోతోంది."

"అర్థమైందనుకోవడమే అజ్ఞానం, అబ్బాయీ."

"అది కూడా కరెక్టే అంకుల్. ట్వెంటీ మినిట్స్ అయితే చాలు."

లిఫ్టు దిగి వరండాలోకి వచ్చాను. పక్కింట్లోంచి నవ్వు వినిపించింది. ఆడమనిషి నవ్వు, కడుపు పట్టుకుని నవ్వే నవ్వు. ఎవరిదా అనుకున్నాను. తాళం తీసి లోపలికెళ్ళి చెప్పులు విప్పాక గుర్తుపట్టాను.

తాయారు వచ్చింది. కళ్ళు ఇంకా తడిగా ఉన్నాయి.

"ఏమిటి అంత నవ్వు?"

"ఏమీ లేదండీ."

"ఏమీ లేనిదానికి కళ్ళ నీళ్ళొచ్చాయా?"

"ఆయనేదో అడిగాడు. నవ్వొచ్చింది. అంతే." మళ్ళీ పెదవి బిగబట్టింది. వంటింట్లోకి వెళ్ళి కూడా గిన్నెలతో నవ్వుకుంది.

మార్చి 11

నాకు అసూయ లేదు.

మార్చి 13

తెల్లవారుజామున ఎప్పటిలాగే హాల్లో గోడవైపు తిరిగి ఆదివారం ఉపన్యాసం చెప్పుకున్నాను. మామూలుకన్నా కాస్త గట్టిగా. లోభం గురించి గట్టిగానే చెప్పాలి. ఇంట్లోవాళ్ళు పడుకుని ఉంటారని ఏళ్ళుగా ఆ చివర గోడ దగ్గరే నిలబడి చెప్పుకోవడం అలవాటు. బస్సు వేళ అయ్యేదాకా.

సాయంత్రం తాయారు అటువైపు ఉండగా గోడకు స్టీలు గ్లాసు ఆనించి చెవి పెట్టాను. గోడలో పగులేమైనా ఉందేమోనని. మాటలు లేవు. రాయి మీద కడ్డీ అరిగే సన్నని చప్పుడు ఉందో, లేదో. ఆయనకొచ్చిన ఇంగ్లీషు నాలుగు ముక్కలు, ఈవిడకొచ్చినవి మార్కెట్టులో కూరల వాళ్ళ దగ్గర నేర్చినవి. మాట్లాడుకోవడం లేదు. ఊరికే కూర్చుంటున్నారు.

మాట్లాడుకున్నా బాగుండేది.

మార్చి 16, శనివారం

ఇవాళ నేను వెళ్ళాను. మంచి ఉద్దేశంతోనే. విద్వాంసుడు, ఏకాంతవాసి, పక్కనే ఉన్నాడు. అతనికి కూడా నాలుగు మంచి మాటలు చెప్పాలి కదా. ఉతికిన పంచె, జేబులో గ్రంథం. గేటు కొట్టాను. ఆగి మళ్ళీ కొట్టాను. తలుపు తెరుచుకోలేదు. ఒక శ్లోకం గొంతెత్తి చదివాను, భాష రాకపోయినా ధ్వనికి శక్తి ఉంటుంది కదా అని. ఎదురింటి మలయ్ ఆవిడ కిటికీ రెక్క కొంచెం తీసి చూసి మూసింది.

అప్పుడు లోపలినుంచి, "ఎవరండీ?"

మా ఆవిడ గొంతు.

"నేనే."

"ఏం కావాలండీ?"

"ఉప్పు," అన్నాను.

"ఉప్పు మనింట్లోనే ఉందండీ. పొయ్యి పక్కన పచ్చ మూత డబ్బా."

"సరే."

వచ్చేశాను. పచ్చ మూత డబ్బా పొయ్యి పక్కనే ఉంది.

మార్చి 17, ఆదివారం

లోభం. పరవాలేదు.

మార్చి 20

బస్సులో నిద్ర పట్టక పాత సంగతులు. ఫిట్టరుగా ఈ దేశం వచ్చిన కొత్తలో డార్మిటరీ పై బంకు మీద బోర్లా పడుకుని టార్చి వెలుగులో శ్లోకాలు బట్టీ పట్టేవాణ్ణి. తరువాత తాయారు వచ్చింది, గేలాంగ్‌లో ఒక్క గది. పుస్తకం ఆమె చేతిలో పెట్టి అప్పజెప్పేవాణ్ణి. శ్లోకం పూర్తికాగానే ఆమె, "అంటే?" అనేది. నేను చెప్పేవాణ్ణి. నచ్చకపోతే మళ్ళీ, "అంటే?" ఎన్నిసార్లు అడిగేదో, అన్నం చల్లారిపోయేది. ఒక్కోసారి ఆమె అడిగిన తరువాతే నాకు అర్థం తెలిసేది.

తరువాత నాకు వేగం వచ్చింది. సభలొచ్చాయి. ఆమె అడిగేదాకా ఆగితే జరిగేది కాదు. ప్రశ్న కూడా నేనే వేసుకుని జవాబు చెప్పడం నేర్చుకున్నాను. వక్తకు అది ఉండవలసిన లక్షణమే.

ఇప్పుడు ఆమెకు మోకాళ్ళు.

మార్చి 24, ఆదివారం

మోహం. వాన. రావలసినవాళ్ళు కూడా రాలేదు. టైలరు పైకొచ్చి కూర్చున్నాడు, ఆయనకు తెలుగు రాదు. శ్రద్ధగా తలూపాడు.

మార్చి 27, బుధవారం

శ్రీజ ఆఫీసు నుంచి వస్తూనే ఫోను చూపించింది. టియో కొత్త పద్యం ఒకటి బయటికొచ్చిందట. చాలా ఏళ్ళకు ఇదే మొదటిది. ఆయన మేనకోడలు బతిమాలి తీసుకెళ్ళి ఊళ్ళో చిన్న గ్యాలరీలో వేలాడదీసిందట. జనం వరసకట్టి చూస్తున్నారట. పొడుగాటి తెల్ల కాగితం మీద మూడు వరసల నల్లటి రాత. ఆ నలుపు ఎవరు తీసిందో నాకు తెలుసు.

"చదువు."

"చదవడం కష్టం నాన్నా. రాసే పద్ధతి వేరు, గడ్డి గాలికి ఊగినట్టు రాస్తారు. నాకు కొన్ని అక్షరాలే తెలుస్తున్నాయి. ఇదిగో, ఇది గోడ. ఇది... పిలవడం." ఫోటో పెద్దది చేసింది. "ఓ, ఇది క్యూట్. ఇందులో ఒక ఆంటీ ఉంది."

"ఆంటీయా?"

"ఈ రెండు అక్షరాలూ కలిస్తే ఆంటీ. ఇక్కడి చైనీస్ వాళ్ళు అలాగే రాస్తారు. మొదటి అక్షరానికి విడిగా ప్రశాంతత అని అర్థం. ఇంత పాత స్టైల్ పద్యంలో ఆంటీ అని ఎవరూ రాయరు నాన్నా. అందుకే అందరూ దీని గురించి మాట్లాడుకుంటున్నారు, ఈ ఆంటీ ఎవరా అని."

ఎవరా అని. మా వరండాలో చిన్నాపెద్దా అందరూ ఆంటీ అని పిలిచేది ఒక్కరినే.

తాయారు చపాతీలు చేస్తోంది. పద్యం సంగతి చెబితే, "రాశాడా పాపం," అని నవ్వింది. ఆ నవ్వే.

మార్చి 28

ముప్పైమూడేళ్ళ కాపురంలో నేను ఆమె మీద ఒక్క వాక్యం రాయలేదు. రాయాలని తోచలేదు. ఎదురుగా ఉన్న మనిషి మీద ఎవరు రాస్తారు.

మార్చి 29

నా దేవుడి పెట్టెలోని పుస్తకంలో ఒక పాత కథ ఉంది. తపస్సు చేసుకునే ముని పక్క ఆశ్రమంలో హోమధూమం తన ఆశ్రమంలో ధూమం కన్నా పైకి లేస్తోందని కళ్ళు ఎర్రచేసుకున్నాడట. ఆదివారం చెబుదామనుకున్నాను. వద్దనుకున్నాను. ఆదివారం మదం. మాత్సర్యం ఆ పైవారం.

మార్చి 31, ఆదివారం

మదం గురించి చెప్పాను.

ఇవాళ తాయారు వచ్చింది. మోకాళ్ళు బాగున్నాయంది. చివరి వరసలో, తలుపు పక్కన కూర్చుంది. ఆమెను చూడగానే నాలో ఏదో రాజుకుంది. రాసుకున్న కాగితాలు పక్కనపెట్టాను.

కిరీటం పెట్టుకున్నవాడి మదం అందరికీ కనబడుతుందన్నాను. తలుపు మూసుకున్నవాడి మదం ఎవరికీ కనబడదన్నాను. సన్మానం వద్దన్నవాడు సన్మానాన్ని వద్దనలేదు, అంతకన్నా పెద్ద సన్మానం అడుగుతున్నాడన్నాను. తలుపు మూసుకోవడం వైరాగ్యం కాదు, అది కొత్తరకం దుకాణమన్నాను. అలాంటి దుకాణాల ముందు కమలాపళ్ళతో నిలబడే అమాయకులున్నారు, లోపలికెళ్ళి ఊడిగం చేసేవాళ్ళున్నారన్నాను. చేతులు నల్లబడితే కడుక్కోవచ్చు, మనసు నల్లబడితే ఏ సబ్బుతో కడుగుతావన్నాను. పిల్లలు ఫోన్లు దించి విన్నారు. మొదటిసారి చప్పట్లు కొట్టారు. చివరి మాట దగ్గర గొంతు చీలింది. గొంతులో రక్తం రుచి.

రైల్లో పక్కపక్కనే కూర్చున్నాం. రెండు స్టేషన్లు దాటాక తాయారు అడిగింది.

"ఆయన్నేనా?"

"శాస్త్రం చెప్పాను."

"శాస్త్రంలో సిరా కూడా ఉందా?"

చేతులు ఒడిలో పెట్టుకుని గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది.

ఏప్రిల్ 1

గొంతు పూర్తిగా పోయింది. గాలి తప్ప ఏమీ రావడం లేదు. తెల్లవారుజామున గోడ ముందు నిలబడి పెదవులు కదిపి చూశాను. కూర్చుండిపోయాను.

యార్డులో పొద్దుటి భద్రతా సూచనలు ఈల ఊది, చేతులు ఊపి కానిచ్చాను. వెల్డర్లు ముసిముసిగా నవ్వారు. మా సాలూరు కుర్రాడొకడు, "సామికి మౌనవ్రతం పట్టిందిరా, ఇవాళ ప్రాణాలకి గ్యారంటీ లేదు," అన్నాడు.

ఏప్రిల్ 3

తాయారు పక్కింటికి వెళ్ళడం లేదు. నేను వెళ్ళొద్దనలేదు. అనడానికి గొంతే లేదు.

నాతోనూ మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది, మజ్జిగ పోస్తుంది. మిరియాల పాలు గ్లాసులో పోసి, మూతపెట్టి, నా వైపు చూడకుండా జరుపుతుంది. గంధం చిక్కగా తీసి పెడుతోంది. గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

ఇది నేను కోరుకున్నదే.

ఏప్రిల్ 4, గురువారం

పొద్దున బస్సుకి బయల్దేరి గేటు తీస్తే, మా గుమ్మం ముందు నేల మీద ఒక కమలాపండు, దాని పక్కన చిన్న పింగాణీ కప్పులో టీ. చల్లారిపోయి ఉంది. ఎవరు పెట్టారో తెలుసు. పళ్ళు తగిలించి తగిలించి వాళ్ళు పోతే, అందులో ఒకటి నాకు బిచ్చం వేశాడు. ఆదివారం నేనన్నది ఎవరో మోసినట్టున్నారు. ఇది దానికి జవాబు.

పండు చెత్త గొట్టంలో వేశాను. కప్పు మాత్రం కడిగి ఆయన గేటు దగ్గర పెట్టాను. మనకు మర్యాద ఉంది.

యార్డులో చైనావాళ్ళు సగం మంది లేరు. పెద్దల సమాధుల దగ్గరికి వెళ్ళే రోజట.

ఏప్రిల్ 5, శుక్రవారం

రాయాలి. ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టే రాస్తాను.

సాయంత్రం స్నానం చేసి వచ్చి కూర్చున్నాను. గేటు మీద ఎవరో వేలితో తట్టారు, చాలా మెల్లగా. శ్రీజ వెళ్ళి తీసి అక్కడే ఆగిపోయింది. "నాన్నా," అంది, పక్క గదిలో ఎవరో పడుకున్నట్టు గొంతు తగ్గించి.

టియో. తెల్ల చొక్కా, పైదాకా గుండీలు. నేననుకున్నంత పొడుగు లేడు. శ్రీజ భుజం దాకా వస్తాడేమో. వరండా కటకటాలు పట్టుకుని నిలబడ్డాడు. అన్నేళ్ళుగా ఎవరికోసమూ ఆ గడప దాటని మనిషి మా గడప ముందున్నాడు. నన్ను చూసి, రెండు చేతులూ పక్కలకు పెట్టుకుని, నడుం వంచి నమస్కరించాడు. లేచి మళ్ళీ వంగాడు. మళ్ళీ.

మూసిన తలుపుకు ఆ కమలాపళ్ళవాళ్ళు పెట్టినటువంటి నమస్కారమే.

"సారీ," అన్నాడు. "ఆంటీ. వెరీ సారీ."

నాకు గొంతు లేదు. చెయ్యి తిప్పి ఏమిటన్నాను.

ఆయన ఒక్కో ముక్కా వెతుక్కుంటూ చెప్పాడు. శ్రీజ మధ్యలో చైనీస్‌లో అడుగుతూ, నాకు తెలుగులో చెబుతూ. "నాన్నా, నువ్వు రోజూ పొద్దున్నే ఆంటీ, ఆంటీ అని పిలుస్తావంట. చాలా ఏళ్ళుగా. కొన్నిసార్లు బతిమాలతావంట, కొన్నిసార్లు కోప్పడతావంట. ఎంత పిలిచినా ఆంటీ రాదంట. సోమవారం నుంచి పిలవడం ఆగిపోయిందంట. అంటే ఇంక..." శ్రీజ ఆగింది. ఆయన్ని మళ్ళీ ఏదో అడిగింది. "ఇంక ఆంటీ లేదని ఆయనకి అర్థమైందంట. నిన్న పెద్దల రోజు కాబట్టి ఆంటీకి పండూ టీ పెట్టారంట. ఇవాళ పరామర్శకి వచ్చారు."

నేను దాని ముఖం చూశాను. అదింకా చెబుతూనే ఉంది, కానీ నాకు దాని నోట్లోంచి ఇందాక జారిన ఒక్క మాటే వినబడుతోంది. ఆ మాటతోనే నేను ఇన్నేళ్ళూ...

వెనక తాయారు నవ్వింది. వంటింటి గుమ్మానికి ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. నవ్వుతూ నవ్వుతూ కూర్చుండిపోయింది. కొంగు తీశాక చూస్తే అది నవ్వు కాదు.

టియో కంగారుపడ్డాడు. తాయారు లేచి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. "టీ మేక్, అంకుల్. సిట్, సిట్. నో డై. నోబడీ డై," అంది.

ఆయన టీ తాగి వెళ్ళాక ఆమెను అడిగాను. గొంతు లేదు, గాలితోనే.

"నీకు తెలుసా?"

"నాకు తెలుసండీ. ఆ ఆదివారం ఆయన అడిగిందదే. మీ ఆయన రోజూ పిలిచే ఆంటీ ఎవరూ అని. నవ్వాగలేదు."

"అది ఆంటీ కాదు, అంటే అని చెప్పొచ్చు కదా."

తాయారు గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుంది.

"తప్పేం విన్నాడని చెప్పమంటారు?"

తరువాత ఆ పద్యం చెప్పింది. ఆయన వేళ్ళతో చూపించి, సైగలు చేసి చెప్పినదాన్ని ఆమెకు తెలిసిన మాటల్లో చెప్పింది.

గోడవతలి మనిషి తెల్లారకముందే ఆంటీని పిలుస్తాడు.
ఆమె రాదు. బస్సు వస్తుంది.
ఈవైపు నేను రెండు కప్పుల్లో టీ పోస్తాను.

ఆయన రాసింది ఆమె మీద కాదు.

ఏప్రిల్ 6

ఆ పండు చెత్తలో పడేశానని తాయారుకు చెప్పాను. "తెలుసు," అంది.

ఏప్రిల్ 7, ఆదివారం

మాత్సర్యం. గొంతు కొంచెం వచ్చింది, గిన్నె అడుగు గీరినట్టు. వారం క్రితం చప్పట్లు కొట్టినవాళ్ళు స్నేహితుల్ని కూడా తీసుకొచ్చారు. గది నిండింది. మూడేళ్ళలో మొదటిసారి కుర్చీలు చాలలేదు.

శ్లోకం చదివాను. తరువాత ఎప్పుడూ వచ్చే మాట నాలుక మీదికి వచ్చింది. దాని వెనక ఆ ముసలాయన మూడుసార్లు వంగడం కనిపించింది. నిలబడ్డాను. ఫ్యాను తిరుగుతోంది. జనం ఎదురుచూస్తున్నారు.

"దీని గురించి చెప్పడానికి నేనింకా చదవాలి," అన్నాను. హారతి ఇచ్చి దిగిపోయాను.

అనిరుధ్ పరుగున వచ్చాడు. "అంకుల్, నేను ట్వెంటీ మినిట్స్ అన్నాను కానీ మరీ ఇంత షార్ట్ చెయ్యమనలేదు."

వెనక ఎవరో అమ్మాయి పక్కదాన్ని అడుగుతోంది, ఆ శ్లోకానికి అర్థం ఏమై ఉంటుందని. వాళ్ళిద్దరూ మెట్లు దిగుతూ కూడా అదే మాట్లాడుకుంటున్నారు. ఇన్ని వారాల్లో అలా ఎవరూ మాట్లాడుకోలేదు. అది కూడా నాకు కొంచెం గుచ్చుకుంది. రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను.

ఏప్రిల్ 8, సోమవారం

రేపు ఉగాది. తాయారు నిన్న పక్కింటికి వెళ్ళొచ్చింది. గోళ్ళు మళ్ళీ నల్లబడ్డాయి. వేపపువ్వు ఏరుతుంటే తెల్లటి పువ్వు మీద ఆ నలుపు కనిపిస్తూనే ఉంది. నాకు బాగానే ఉంది అని రాయబోయాను. బాగా లేదు. కాస్త తగ్గింది.

తెల్లవారుజామున లేచాను. వంటింట్లో దీపం ఉంది, అప్పుడే లేచినట్టుంది. గోడ ముందు నిలబడ్డాను. గోడవైపు తిరగబోయి, తిరగలేదు. గోడకు వీపు ఆనించి వంటింటివైపు నిలబడ్డాను. జేబులోంచి గ్రంథం తీశాను గానీ తెరవలేదు. ఆ శ్లోకం, గేలాంగ్ గదిలో మొదట బట్టీపట్టినది, మెల్లగా చెప్పాను.

చెప్పి ఆగాను.

ఆ మాట నాలుక చివర ఉంది. పళ్ళు బిగించి ఆపాను. వీపుకు గోడ చల్లగా తగిలింది. గోడకు అటువైపు కుర్చీ కొంచెం కదిలినట్టు చప్పుడైంది, మరి నా భ్రమో. వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. అలా ఎంతసేపు ఉన్నామో. బస్సు పోతుందేమో అనుకున్నాను. పోనీ అనుకున్నాను.

అప్పుడు వంటింట్లోంచి, పాల గిన్నె దించిన చప్పుడు వెనకాల,

"అంటే?"

కొంచెం గట్టిగానే అంది. గోడవతలికి కూడా వినిపించేంత.

ఏళ్ళుగా చెబుతున్న అర్థం నోటికొచ్చింది. అది చెప్పాలనిపించలేదు.

"ఏమో తాయారూ," అన్నాను. "నువ్వొచ్చి కూర్చో."